ఎలక్ట్రిక్ కారు: కొనేముందు కూర్చుని లెక్క చూసుకుందాం



కొత్తచెరువులో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక కుటుంబం మా దగ్గర ఆగింది. భర్త ప్రభుత్వ ఉద్యోగి, భార్య ప్రైవేటు బడిలో టీచరు. "అయ్యగారూ, పాత కారు అమ్మేసి కరెంటు కారు తీసుకుందామనుకుంటున్నాం. మిగిలే పెట్రోలు డబ్బుతోనే కంతు కట్టేయొచ్చంటున్నారు. ప్రార్థన చేయండి" అన్నారు. ప్రార్థన చేశాం. తర్వాత, "నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?" అని అడిగాం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ లెక్క వాళ్లు ఎప్పుడూ వేసుకోలేదు.

ఈ ప్రశ్న ఆ ఒక్క కుటుంబానిది మాత్రమే కాదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల సంఘాల్లో ఈ మధ్య చాలామంది మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. అడగడంలో ఆశ్చర్యం లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. మన సంఘాల యువకుల్లో కొందరు అక్కడ, దాని చుట్టూ వచ్చిన అనుబంధ పరిశ్రమల్లో పని చేస్తున్నారు. 2025 జూలైలో అదే ఫ్యాక్టరీ నుంచి ఆ కంపెనీ మన దేశంలో తయారు చేసిన మొదటి ఎలక్ట్రిక్ కారు క్యారెన్స్ క్లావిస్ ఈవీ వచ్చింది. మన ఊరి పక్క తయారయ్యే బండి మన ఇంటి ముందు ఎందుకు ఉండకూడదన్న ఆశ సహజమే. ఆశ తప్పు కాదు. ఆ ఆశ ఏడేళ్ల అప్పుగా మారేముందు, అది నిజంగా డబ్బు మిగులుస్తుందా లేదా అని చూసుకోవడం మన బాధ్యత.

మొదట అందరూ చెప్పే మంచి మాటను చూద్దాం. అది నిజమే. మన ప్రాంతంలో పెట్రోలు లీటరు రూ.110 దగ్గర ఉందనుకుందాం. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు రూ.4, రోడ్డు సెస్సు మరో రూ.1 పడతాయి. హిందూపురం వాళ్లు కర్ణాటక సరిహద్దు దాటి ట్యాంకు నింపుకుని రావడం ఇందుకే. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే మామూలు పెట్రోలు కారుకు కిలోమీటరుకు దాదాపు రూ.6.90 ఖర్చవుతుంది. ఎలక్ట్రిక్ కారు, చార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే, ఒక యూనిట్ కరెంటుకు సుమారు 6 కిలోమీటర్లు వెళుతుంది. ఇంట్లో చార్జ్ చేసుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర దాకా అవుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకు సుమారు రూ.5.40 మిగులుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, సర్వీసు ఖర్చు తక్కువ. ఇవన్నీ వాస్తవాలే.

అయితే ఈ ఆదా కారు కొన్నంత మాత్రాన చేతికి రాదు. బండి తిరిగినప్పుడే, ఒక్కో కిలోమీటరుకు కొంచెం చొప్పున వస్తుంది. ధరలో ఉన్న తేడాను మాత్రం మొదటి రోజే కట్టాలి. మన సమస్య అంతా ఇక్కడే ఉంది.

క్లావిస్ పెట్రోలు మోడల్ 2025 మేలో రూ.11.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. రెండు నెలల తర్వాత వచ్చిన ఎలక్ట్రిక్ మోడల్ ప్రారంభ ధర రూ.17.99 లక్షలు. ఈ రెంటినీ నేరుగా పోల్చడం న్యాయం కాదు, ఎందుకంటే ఎలక్ట్రిక్ కారు మొదటి మోడల్‌లోనే హంగులు ఎక్కువ. సమానమైన హంగులున్న మోడళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా తగ్గుతుంది. అందుకని మన లెక్కకు తేడా మూడు లక్షలే అనుకుందాం.

ఆ మూడు లక్షలు అప్పు తెచ్చినవైతే, 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు సుమారు రూ.4,830 కంతు పడుతుంది. ఏడేళ్లలో కట్టేది రూ.4.05 లక్షలు. అందులో లక్షకు పైగా వడ్డీయే. కిలోమీటరుకు రూ.5.40 మిగిలితే, ఈ అదనపు కంతు తీరడానికి నెలకు 900 కిలోమీటర్లు తిరగాలి. సగటున రోజుకు 30 కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఈ సంఖ్యే గీత. అంతకంటే ఎక్కువ తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ కారు డబ్బు మిగులుస్తుంది. తక్కువ తిరిగేవాళ్లకు ఖర్చు పెంచుతుంది.

మనకు తెలిసిన దారుల మీదే దీన్ని చూద్దాం.

కొత్తచెరువులో ఉంటూ పుట్టపర్తిలో ఉద్యోగం చేసే ఒకాయన రోజూ రానుపోను 20 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆదివారం గుడికి, అప్పుడప్పుడు బంధువుల ఇంటికి కలుపుకుంటే నెలకు 600. ఆయనకు మిగిలే పెట్రోలు డబ్బు రూ.3,240. అదనపు కంతు రూ.4,830. నెలనెలా దాదాపు రూ.1,600 చేతినుంచి పడుతుంది.

పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో పని చేసే మరొకాయనకు రానుపోను 50 కిలోమీటర్ల పైనే. నెలకు 1,300 తిరుగుతాడు. ఆయనకు మిగిలేది సుమారు రూ.7,000. కంతు పోగా నెలకు రూ.2,200 దాకా నికరంగా మిగులుతుంది. ఇంట్లో చార్జ్ చేసుకునే వసతి ఉంటే ఈయనకు ఎలక్ట్రిక్ కారు మంచిదే.

మూడో వ్యక్తి టాక్సీ నడుపుతాడు. కొత్తచెరువు దగ్గరున్న ప్రశాంతి నిలయం స్టేషన్ నుంచి పుట్టపర్తికి, అక్కడి నుంచి బెంగళూరు విమానాశ్రయానికి ప్రయాణికులను తీసుకెళతాడు. నెలకు 3,000 కిలోమీటర్లు దాటుతాడు. దారిలో సగం చార్జింగ్ బయట చేయించుకున్నా నెలకు పన్నెండు వేలకు పైగా మిగులుతుంది. ధర తేడా ఇంచుమించు రెండేళ్లలో తీరిపోతుంది. లోకమంతా ఎలక్ట్రిక్ బండి ఆదా అంటున్నప్పుడు, ఆ ఆదా నిజంగా దక్కేది ఇలాంటి వాళ్లకు. వారానికి రెండుసార్లు కారు బయటికి తీసేవాళ్లకు కాదు.

ఈ ముగ్గురూ కొత్త కారు ఎలాగూ కొనాల్సినవాళ్లే అనుకుని ఈ లెక్క వేశాం. మా దగ్గర ఆగిన కుటుంబం పరిస్థితి వేరు. వాళ్లకు అప్పు తీరిపోయిన, బాగా నడుస్తున్న కారు ఉంది. అలాంటప్పుడు కొత్త పెట్రోలు కారుతో కొత్త ఎలక్ట్రిక్ కారును పోల్చి లాభం లేదు. కంతు లేని పాత కారుతో పోల్చాలి. ఎనిమిది లక్షలు అప్పు తీసుకుంటే అదే వడ్డీకి, అదే ఏడేళ్లకు నెలకు సుమారు రూ.12,870. నెలకు 600 కిలోమీటర్లకు మిగిలే పెట్రోలు డబ్బు రూ.3,240. పెట్రోలు డబ్బుతోనే కంతు తీరుతుందన్న మాట ఇక్కడ నాలుగో వంతు వరకే నిజం. మిగతా తొమ్మిదిన్నర వేలు పిల్లల ఫీజుల నుంచో, ఆసుపత్రికని దాచుకున్న దానినుంచో రావాలి.

ఇక కరెంటు బిల్లు సంగతి. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022 నుంచి అమల్లో ఉన్న టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు రూ.6, 226 నుంచి 400 దాకా రూ.8.75, 400 దాటితే రూ.9.75. ఇప్పటికే నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు, కారు కోసం మరో 217 యూనిట్లు వాడితే, ఆ కొత్త యూనిట్లు దాదాపు అన్నీ పై మెట్లలోనే పడతాయి. సగటున యూనిట్ రూ.8.50 అవుతుంది. సర్దుబాటు చార్జీలు వేరే. యూనిట్ మూడు రూపాయలే అని ఎవరైనా చెబితే, అది కింది మెట్టు ధర అని గుర్తు పెట్టుకోండి. వేగంగా చార్జ్ చేసే పరికరం బిగించుకోవాలంటే మీటరు లోడు పెంచుకోవాలి. దానికి విద్యుత్ సంస్థకు కట్టాల్సింది కూడా లెక్కలో రాసుకోవాలి.

బయటి ఫాస్ట్ చార్జింగ్ కేంద్రాల్లో యూనిట్ ధర ఇంటి ధరకు రెండు, రెండున్నర రెట్లు ఉంటుంది. యూనిట్ రూ.24 అయితే కిలోమీటరుకు రూ.4. అంటే మిగిలేది దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి మరో ప్రశ్న వేసుకోవాలి: బండి రాత్రి ఎక్కడ నిలబడుతుంది? సొంత ఇల్లు, సొంత మీటరు, బండి పట్టే జాగా ఉన్నవాళ్లకు ఒక లెక్క. అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉంటూ బండి వీధిలో పెట్టుకునేవాళ్లకు మరో లెక్క. మన సంఘాల్లో ఎక్కువమంది ఇళ్లు ఇరుకు సందుల్లోనే ఉన్నాయి. కిటికీలోంచి వైరు లాగి వీధిలో చార్జ్ పెట్టడం పిల్లలు తిరిగే చోట ప్రమాదం.

ఇంటిపైన సౌర ఫలకాలు పెట్టుకున్నవాళ్లకు మాత్రం లెక్క మారుతుంది. మనది ఎండల సీమ. నంబులపూలకుంటలో అంత పెద్ద సోలార్ పార్కు వచ్చింది కూడా ఈ ఎండను చూసే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. అంత సామర్థ్యం ఉంటే నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి. ఇల్లు, కారు రెండింటికీ చాలావరకు సరిపోతాయి. కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ముందు పైకప్పు సంగతి ఆలోచించడం మంచిదని మా అభిప్రాయం. కారు లేకపోయినా ఆ ఫలకాలు బిల్లు తగ్గిస్తాయి.

పన్నుల విషయంలో పాత మాటలు ఇంకా తిరుగుతున్నాయి. ఎలక్ట్రిక్ కారు అప్పు వడ్డీ మీద ఆదాయపు పన్నులో రూ.1.5 లక్షల దాకా మినహాయింపు ఉండేది. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ సొంత కార్లకు రాదు. ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే ఉంది, అది మేలే. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో చిన్న కార్లలో ధర తేడా మళ్లీ పెరిగింది. ఏడాది కిందట ఎవరో వేసి ఇచ్చిన లెక్క ఈ రోజుకు పనికిరాదు.

తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు. మన దగ్గర ఎంత పడుతుందో బండి బుక్ చేసే ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పన్ను తప్పించుకోవడానికి పక్క రాష్ట్రంలోని చుట్టాల చిరునామాతో బండి రిజిస్టర్ చేయించే పనికి మాత్రం దిగవద్దు. అబద్ధపు చిరునామాతో మిగిలిన డబ్బును ఆదా అనలేం.

అమెరికాలో ఉన్న పిల్లలు "మేం కొన్నాం, బాగా కలిసొచ్చింది" అని ఫోనులో చెప్పడం మనలో చాలామంది వింటున్నాం. వాళ్లకు అక్కడి ప్రభుత్వం కొత్త ఎలక్ట్రిక్ కారుకు 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చేది. 2025 సెప్టెంబరు 30తో అది ఆగిపోయింది. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. అక్కడ పెట్రోలు కారు మీద భారీ పన్ను వేసి, ఎలక్ట్రిక్ కారుకు మినహాయింపులిచ్చి ధరలు దగ్గరకు తెచ్చారు. ఇలాంటి చోట్ల కారు యజమానికి మిగిలే డబ్బులో ప్రభుత్వం వదులుకున్న పన్ను కూడా ఉంటుంది. మన దగ్గర కూడా లీటరు పెట్రోలులో పన్ను ఎంతో పైన చూశాం. ఆ ఆదాయం తగ్గితే ప్రభుత్వాలు మరో దారి వెతుక్కుంటాయి. న్యూజిలాండ్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లు కూడా తిరిగిన దూరాన్ని బట్టి రోడ్డు చార్జీ కడుతున్నాయి. ఈ రోజు మిగిలేది పదేళ్లూ ఇలాగే మిగులుతుందని నమ్ముకుని అప్పు చేయకూడదు.

బ్యాటరీ గురించి భయం ఎక్కువ, సమాచారం తక్కువ. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. అది అకస్మాత్తుగా చచ్చిపోదు, ఏటేటా సామర్థ్యం కొంచెం కొంచెం తగ్గుతుంది. మన వేసవిలో బండిని నీడలో పెట్టుకుంటే దాని ఆయుష్షుకు మంచిది. అసలు నష్టం అమ్మేటప్పుడు కనిపిస్తుంది. అమెరికాలో కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ సంస్థ 2024 జనవరిలో సుమారు 20,000 ఎలక్ట్రిక్ కార్లను అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. వాటి పాత ధర పడిపోవడం, ప్రమాదం జరిగితే బాగుచేయడానికి ఎక్కువ ఖర్చవడం కారణాలుగా చెప్పింది. ఐదేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం మీద 2022 జూన్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది. కానీ బండి విలువ ఎక్కువ కాబట్టి సొంత నష్టానికి కట్టే ప్రీమియం ఎక్కువే వస్తుంది.

దూర ప్రయాణం సంగతి కూడా అనుకోవాలి. మన సంఘాల్లో కారు కొనేవాళ్ల మనసులో తరచుగా ఉండే దారి వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి. కాగితం మీద ఒక చార్జికి 400, 490 కిలోమీటర్లని రాసి ఉన్నా, ఏసీ వేసుకుని నలుగురు కూర్చుని వెళితే అంత రాదు. బత్తలపల్లి ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఇబ్బంది లేదు. వెల్లూరుకు వెళ్లాలంటే దారిలో చార్జింగ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి, అరగంటో గంటో ఆగాలి. రోగిని తీసుకెళ్లే కుటుంబానికి ఆ గంట విలువ ఎంతో వాళ్లకే తెలుసు.

మరి మేం ఏం చెబుతున్నాం? ఎలక్ట్రిక్ కారు వద్దని చెప్పడం లేదు. పొగ తగ్గడం, చమురు దిగుమతి తగ్గడం అందరికీ మేలు. దేవుడిచ్చిన భూమిని చూసుకోవాలన్న కోరికతో, తాహతు ఉండి, కొంచెం ఎక్కువ ధర పెట్టి ఒకరు కొంటే దాన్ని గౌరవిస్తాం. కానీ అప్పుడు ఆ ఎక్కువ ధరను ఎక్కువ ధర అనే పిలవాలి. దానికి ఆదా అని పేరు పెట్టి ఇంటివాళ్లను ఒప్పించకూడదు.

ఒక మాట పెళ్లిళ్ల గురించి. "కరెంటు కారైతే రేపు ఖర్చు కూడా ఉండదు కదా" అంటూ అమ్మాయి తల్లిదండ్రుల ముందు కారు మాట ఎత్తే కుటుంబాలు మన సంఘాల్లో లేవని చెప్పలేం. ఆ కారులో అబ్బాయికి కిలోమీటరుకు ఐదు రూపాయలు మిగులుతాయి. ఆ కంతు మరో ఇంట్లో ఒక తండ్రి కడతాడు. ఒకరి ఆదా మరొకరి అప్పు అయినప్పుడు దాన్ని సంఘ పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

నిజంగా ఆదా కోరే ఇళ్లకు మేం రెండు సూచనలు చేస్తాం. మొదటిది, చాలా కుటుంబాల రోజువారీ ప్రయాణం స్కూటరు మీదే. ఎలక్ట్రిక్ స్కూటరుకు, పెట్రోలు స్కూటరుకు ధర తేడా వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో ఉండదు. మామూలు ప్లగ్గుతో చార్జ్ అవుతుంది. అక్కడ లెక్క త్వరగా కలిసొస్తుంది. రెండోది, కారైనా స్కూటరైనా ఒక నెలపాటు ఓ నోటుపుస్తకం పెట్టండి. బండి మీటరు నెల మొదట్లో ఎంత, చివర్లో ఎంత, పెట్రోలుకు ఎంతయింది, కరెంటు బిల్లు ఏ మెట్టులో ఉంది. ఈ నాలుగు అంకెలు రాసుకుంటే మీ ఇంటి జవాబు ఏ సలహాదారు లేకుండానే తెలిసిపోతుంది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్న మనిషి గురించి మన ప్రభువు చెప్పాడు. ముందు కూర్చుని, పూర్తి చేయడానికి చాలినంత ఉందో లేదో చూసుకోనివాడు పునాది దగ్గరే ఆగిపోయి నవ్వులపాలవుతాడు. ఆ మాటలు శిష్యత్వం గురించి చెప్పినవి. అయినా ఇంటి ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలో తెలిసిన జనంతోనే ప్రభువు ఆ మాట అన్నాడని మరచిపోకూడదు.

ఆ కుటుంబం నెల తర్వాత నోటుపుస్తకంతో మళ్లీ వచ్చింది. నెలకు 540 కిలోమీటర్లు. భర్త కొంచెం నిరుత్సాహపడ్డాడు, దాచలేదు. "ఇంకో మూడేళ్లు పాతదే నడుపుతాం అయ్యగారూ. అప్పటికి ధరలు తగ్గితే చూద్దాం" అన్నాడు. భార్య మాత్రం స్కూటరు ధరలు అడిగి రాసుకుంది. బడికి రోజూ వెళ్లేది ఆమే మరి.